ఐఫోన్‌కి మొగుడినంటూ వచ్చిన ఫోను గారికి

మహారాజశ్రీ ఫోను గారికి,

మీ యజమాని విశాఖపట్నం నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాను గానీ, ఉభయుల్లో ఒకరికి కుశలం లేదని నిన్న సాయంత్రం నాలుగున్నరకి సర్వీస్ సెంటర్‌లో తేలిపోవడంతో ఆ మాట కొట్టేశాను. కొట్టివేత కనిపిస్తే మన్నించగలరు.

టోకెన్ నంబరు 47. నేను ద్వారకానగర్‌లో మెట్లెక్కేసరికి పన్నెండు దాటింది, బోర్డు మీద 19 నడుస్తోంది. ఇరవై ఎనిమిది మందే కదా, ఒంటిగంటన్నరకల్లా ఇంటికెళ్లి అన్నం తినొచ్చు అనుకున్నాను. ఈ వయసులో కూడా నాలో ఇంత అమాయకత్వం ఎలా మిగిలిందో తెలీదు. ఎదురుగా గోడ మీద టీవీలో మీ ప్రకటనే తిప్పి తిప్పి వేస్తున్నారు. ఓ అమ్మాయి మిమ్మల్ని చేత్తో పట్టుకుని ఈతకొలనులో మునుగుతుంది. నవ్వుతూ లేస్తుంది. జుట్టు విదిలిస్తుంది. మీ మీంచి నీటిచుక్కలు ముత్యాల్లా జారతాయి. వేరే పని లేక లెక్కపెట్టాను. నేను చూస్తుండగా నలభై ఒక్కసార్లు మునిగి లేచింది. ఒక్కసారి కూడా లిక్విడ్ డ్యామేజ్ కాలేదు.

నా వంతు వచ్చింది. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే, అబద్ధమెందుకు. పిన్ను గుచ్చి సిమ్ ట్రే బయటికి లాగాడు. ఆ సందులోకి పెన్ను సైజు టార్చి వేసి, భూతద్దం నా చేతికిచ్చాడు.

"లోపల స్టిక్కర్ కనబడుతోందా సార్? తెల్లగా ఉండాలి. మీది ఎర్రగా ఉంది."

చూశాను. ఆవగింజంత ఉంది. ముత్తయిదువ బొట్టులా ఎర్రగా, నిండుగా ఉంది.

"లిక్విడ్ డ్యామేజ్ సార్. వారంటీ రాదు."

"నీళ్లలో పడ్డా ఏం కాదని కదా బాబూ అమ్మారు?"

"అవున్సార్. వాటర్ రెసిస్టెంటే."

"మరి లోపలికి నీళ్లెలా వెళ్లాయి?"

"మీరు నీళ్లలో పెట్టారు కద్సార్."

ఫోను గారూ, ఈ ఒక్క మాట దగ్గరే నేను నిన్నటి నుంచీ ఆగిపోయాను. రాత్రి రెండింటికి లేచి కూర్చుని మళ్లీ అనుకున్నాను. గొడుగు కొన్నవాణ్ణి, "మీరు వానలోకి ఎందుకు తీశారండీ?" అని అడిగినట్టుంది.

బోర్డు మార్చాలిట, 38,400. మిమ్మల్ని కొన్నది ఏడు నెలల కిందట, 64,999కి. మార్చొద్దంటే తనిఖీ ఛార్జీ 300, దాని మీద జీఎస్టీ 54, వెరసి 354 కట్టి మీ పార్థివదేహాన్ని తీసుకెళ్లొచ్చన్నారు. కట్టాను. రసీదు అడక్కుండానే ఇచ్చారు. అందులో లోపం లేదు.

అసలు మిమ్మల్ని ఇంటికి తెచ్చుకున్న కారణం మీకు తెలియంది కాదు. మా తోడల్లుడికి ఐఫోన్ ఉంది. ఉండటం కాదు నా బాధ, దాన్ని భోజనాల బల్ల మీద వెనక బొమ్మ పైకి కనిపించేలా పెడతాడు. ఆ రోజు జగదాంబ దగ్గర షాపులో కుర్రాడు మిమ్మల్ని పెట్టెలోంచి తీస్తూ, "ఐఫోన్‌కి మొగుడు సార్ ఇది" అన్నాడు. ఆ ముక్క దగ్గరే నేను పడిపోయాను. కొత్తల్లుడికి చేసినట్టు చేశాం. తొడుగు, పైన గాజు పలక, అమ్మ చేత పసుపు బొట్టు. పెట్టెలో ఛార్జర్ లేకపోతే అదీ విడిగా కొన్నాం. కట్నంలో బకాయి అనుకున్నాం.

మీకు ముందు ఇలాంటి మొగుళ్లు ఎంతమంది వచ్చారో చదువుకునే తీరిక నిన్న టోకెన్ నంబరు 23కీ 31కీ మధ్య దొరికింది. 2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌ని జనానికి చూపించింది మొదలు వరస కట్టారు. 2008లో బ్లాక్‌బెర్రీ స్టార్మ్ వచ్చింది, తెరంతా ఒకే బటన్‌లాగా టక్కుమనేది. 2010 సెప్టెంబరులో విండోస్ ఫోన్ తయారైన సంబరంలో మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు ఐఫోన్‌కి ఉత్తుత్తి శవయాత్రే తీశారు, తమ ఆఫీసు ఆవరణలో ఊరేగించి మరీ. ఇప్పుడు ఐఫోన్ ఉంది, ఊరేగించినవాళ్ల ఫోనే లేదు. 2014లో అమెజాన్ ముందువైపు నాలుగు మూలలా నాలుగు కెమెరాలు పెట్టి ఫైర్ ఫోన్ తెచ్చి, అదే ఏడాది 17 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకుంది. ఛార్జర్ సంగతి సరేసరి. 2020లో ఐఫోన్ 12 పెట్టెలోంచి ఆపిల్ ఛార్జర్ తీసేస్తే శాంసంగ్ వెక్కిరించింది. నాలుగు నెలలు తిరక్కుండా, 2021 జనవరిలో ఎస్ 21 పెట్టెలోంచి తానూ తీసేసింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అంటారు. ఇక్కడ నవ్విన తోడికోడలే తర్వాత తన్నులు తింది.

ఈ చరిత్రంతా నాకు ముందు తెలిసుంటే కొనేవాణ్ణి కాదేమో. లేదు, కొనేవాణ్ణే. ఆ బల్ల మీద ఫోను నాకు కనిపిస్తూనే ఉంటుంది కదా.

సరే, ఆదివారం. ఆర్కే బీచ్. తోడల్లుడి కుటుంబం, మా కుటుంబం. గ్రూపు ఫోటో అలలో నిలబడి తీయించుకోవాలని పిల్లల గోల. నేను ఒడ్డునే ఉంటానంటే తోడల్లుడి కొడుకు, "ఐపీ 68 కదా బాబాయ్, ఏం కాదు, దిగు" అన్నాడు. దిగాను. మోకాళ్ల దాకా వచ్చిన అల వెనక్కి వెళ్తూ కాళ్ల కింద ఇసక లాగేసింది. కూలబడ్డాను. మీరు ప్యాంటు జేబులో ఉన్నారు. పదిహేను సెకన్లు, మహా అయితే ఇరవై. ఆ సమయంలో వాళ్ల నాన్న ఐఫోన్ ఎక్కడుందో తెలుసా? గట్టు మీద, వదిన హ్యాండ్‌బ్యాగులో, జిప్పు వేసుకుని, నీడపట్టున.

ఇంటికి రాగానే మంచినీళ్లతో తుడిచాం. ఛార్జింగ్ పెడితే తెర మీద నీటిచుక్క బొమ్మ, పక్కన త్రిభుజం. అమ్మ మిమ్మల్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఫోన్లని బియ్యంలో పెట్టొద్దని 2024లో ఆపిల్ వాళ్లే చెప్పారని తోడల్లుడు ఫోన్ చేసి మరీ చెప్పాడు. "రొట్టెలు తినేవాళ్లకి బియ్యం గురించేం తెలుసురా" అంది అమ్మ. రెండు రోజుల తర్వాత తీసి చూస్తే మీ ఛార్జింగ్ రంధ్రం అంచున ఆకుపచ్చ పొడి. ఇంట్లో పాత ఇత్తడి చెంబు అడుగున పట్టే చిలుం, అచ్చం అదే.

అప్పుడు చదివాను మీ చిన్నక్షరాలు. ఐపీ 68లో ఆరు దుమ్ముకిట, ఎనిమిది నీళ్లకిట. ఆ ఎనిమిదికి ఎంత లోతు, ఎంత సేపు అన్నది కంపెనీయే చెప్పుకుంటుందట. మీ విషయంలో ఒకటిన్నర మీటరు లోతు, అరగంట, ప్రయోగశాలలో, కదలని మంచినీళ్లు. సముద్రం లెక్కలోకి రాదు. ఈతకొలను లెక్కలోకి రాదు. వాడేకొద్దీ ఆ నిరోధం తగ్గిపోవచ్చు కూడాట.

మంచినీళ్లట! విశాఖపట్నంలో ఒకటిన్నర మీటరు లోతున అరగంట సేపు మంచినీళ్లు కదలకుండా దొరికితే మేం ఫోన్లు ముంచుతామా? బిందెలు ముంచుతాం.

ఇక గారూ బూరూ నా వల్ల కాదు. ఇరవై సెకన్ల ఉప్పునీళ్లకి చచ్చేదానివి, సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో ఏ ధైర్యంతో అమ్ముడుపోయావు? ఇక్కడ ఉప్పు నీళ్లలోనే కాదు, గాలిలోనూ ఉంటుంది. బీచ్ రోడ్డు ఎదురుగా ఉన్న ఇళ్లలో కిటికీ గ్రిల్లు, ఏసీ బయటి పెట్టె, గేటు గొళ్లెం, ఏదీ రంగు మీద రంగు లేకుండా నాలుగేళ్లు బతకదు. మే నెలలో చొక్కా జేబులో పెట్టుకుంటే చెమటతోనే నువ్వు సగం మునుగుతావు. తడి ఆరుతుంది, ఉప్పు ఆరదు కదా. అది రంధ్రంలో కూర్చుని గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఛార్జింగ్ పెట్టగానే కరెంటు దాని మీదుగా అడ్డదారిన పారి లోహాన్ని తింటుంది. ఈ మాత్రం మా ఊరి స్కూటర్ మెకానిక్కులందరికీ తెలుసు.

నేను కూలబడిన చోటు నుంచి చూస్తే ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి కనబడుతుంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైంది. 31 ఏళ్లు, 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. ఉద్యోగమే నీళ్ల కింద. 2002 నుంచి ఒడ్డున ఇసకలో కూర్చుని పిల్లలకి కబుర్లు చెబుతోంది. ఈసారి టికెట్టు కొని లోపలికెళ్లి, దానికి ఎర్ర స్టిక్కర్ ఎక్కడ అతికించారో వెతుకుతాను.

జలాంతర్గామితో పోలిక అన్యాయం అంటావేమో. సరే, మురీ మిక్స్చర్ బండి దగ్గరికి రా. తడి బట్టలతో నిన్ను విదిలిస్తూ నిలబడితే ఆ బండాయన ఉల్లిపాయ తరగడం ఆపి, "ఏటి బాబూ, ఫోను పోనాదా? సముద్రం కాడికొచ్చీటప్పుడు కవర్లో ఎట్టుకోవాల గదా" అన్నాడు. అని, తన నడుం దగ్గర్నుంచి తనది తీశాడు. నంబర్ల ఫోను. పాల ప్యాకెట్ కవర్లో చుట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు వేసి ఉంది. అంకెలు అరిగిపోయి అయిదు తప్ప ఏదీ కనబడదు. హుద్‌హుద్ కంటే ముందు కొన్నాడట. 2014 అక్టోబరు 12న ఈ ఊరి మీద పడిన ఆ గాలిని చూసిన ఫోను! కవర్లోంచే నొక్కి, భార్యకి ఫోన్ చేసి, కొత్తిమీర పంపమని చెప్పి, మళ్లీ నడుంలో దోపుకున్నాడు.

నీకేమో 200 మెగాపిక్సెళ్లు. చంద్రుడి మీద గుంటలు కనబడతాయట. ఎవడడిగాడు? నాకు చంద్రుడితో పనేముంది? కృత్రిమ మేధ కూడా ఉందట నీకు. ఉంటే, అల వస్తోంది వెనక్కి జరుగు అని ఒక్క ముక్క చెప్పొద్దూ?

అలాగని ఐఫోన్ ఏమీ ఇందులో నీకన్నా పుణ్యాత్మురాలు కాదు. నీళ్లెళ్లినందుకు దాని వారంటీ కూడా వర్తించదు. ఒకవైపు నీళ్లకి ఆగుతుందని ప్రకటనలిస్తూ, ఇంకోవైపు వారంటీ ఇవ్వనంటున్నారని 2020 నవంబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌కి కోటి యూరోల జరిమానా వేసింది. 2022లో ఆస్ట్రేలియా కోర్టు శాంసంగ్ చేత 1.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు కట్టించింది. కొలనులో, సముద్రంలో ఫోన్లు వాడొచ్చన్నట్టు ప్రకటనలు వేశారు, తీరా వాడితే ఛార్జింగ్ రంధ్రం తుప్పు పట్టే ప్రమాదం ఉంది. నా కేసు ఆస్ట్రేలియాలో ఎప్పుడో తీర్పయిపోయిందన్నమాట, నేనే ఇక్కడ టోకెన్ పట్టుకుని కూర్చున్నాను.

ఇంత పెద్ద సందు ఖాళీగా ఉంటే మీకెవరికీ కనబడలేదా? పద్దెనిమిదేళ్లకి పైగా ఐఫోన్‌ని కొట్టాలని కెమెరాలు పెంచారు, మడతలు పెట్టారు, తెర వంచారు, అది చేసిందల్లా కాపీ కొట్టారు. ఆఖరికి చేయాల్సింది వారంటీ కాగితం మీద ఒక్క వాక్యం. "నీళ్లెళితే మేం చూసుకుంటాం." అంతే. ఐఫోన్ రాయని వాక్యం. ఆ వాక్యం రాసిన ఫోనుకి కెమెరా లేకపోయినా కొంటాను. జగదాంబ జంక్షన్లో నా ఖర్చుతో ఫ్లెక్సీ కట్టిస్తాను, తోడల్లుడి చేత కొబ్బరికాయ కొట్టిస్తాను. కానీ రాయరు. రాస్తే నీళ్లు నిజంగా లోపలికెళ్లకుండా చేయాలి కదా. స్టిక్కర్ అయితే పైసల్లో అయిపోతుంది. లోపలికి నీళ్లు రాకుండా చూడ్డానికి కాదు, వచ్చాక నా మీద సాక్ష్యం చెప్పడానికి నీ కడుపులో ఒకణ్ణి కూర్చోబెట్టారు. నా జేబులో తిరుగుతూ, నా డబ్బుతో.

ఈ ఉత్తరం ఎక్కణ్ణుంచి రాస్తున్నానో చెప్పలేదు. మధురవాడ. తోడల్లుడి హాల్లో, వాళ్లబ్బాయి లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో. అమ్మ అరవయ్యో పుట్టినరోజు ఫోటోలు నీలోనే ఉన్నాయి, ఇంకెక్కడా దాచలేదు. ఆ విషయం నిన్న రాత్రి గుర్తొచ్చింది. "తీసుకురా తమ్ముడూ, వైరు లేకుండా ఎక్కుతుందేమో చూద్దాం" అన్నాడాయన. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. బల్ల మీద ఐఫోన్‌ని ఎత్తి పక్కన పెట్టి, దాని కింద ఉన్న తెల్లటి గుండ్రటి బిళ్ల మీద నిన్ను పెట్టాడు. రంధ్రం పోయినా వీపు బాగానే ఉన్నట్టుంది. పది నిమిషాల తర్వాత నల్లటి తెర మీద ఒక్క శాతం అని వచ్చింది.

ఇప్పుడు నాలుగు శాతం. ఫోటోలు ఒక్కొక్కటే ఆయన ఫోనులోకి ఎక్కిస్తున్నాం. అమ్మ కేకు కోస్తున్న ఫోటో వచ్చింది. బాగా తీశావు, కాదనను. నిన్ను బిళ్ల మీంచి కొంచెం జరిపితే చాలు ఆరిపోతున్నావు, అందుకని ఎవరూ బల్ల కదపడం లేదు. వదిన కాఫీ తెచ్చి కింద పెట్టింది.

ఇట్లు,
టోకెన్ నంబరు 47