ఇంటిదొంగ ఇనుము

అయస్కాంతం కానేకాదనుకున్న పదార్థం ఒకటి గది ఉష్ణోగ్రత దగ్గరే అయస్కాంతమైపోయిందని ఎవరైనా ప్రకటిస్తే మేం మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. శాంపిల్‌ని దేంతో పట్టుకున్నారు?

వెటకారం కాదు. అయస్కాంతత్వానికి మూలమైన జతలేని ఎలక్ట్రాన్లే ఉండని హాఫ్నియం ఆక్సైడ్ పలుచని పొరల్లో ఫెర్రో అయస్కాంతత్వం (ఇనుములో ఉండే బలమైన రకం) కనిపించిందని 2004లో నేచర్ జర్నల్‌లో పేపర్ వచ్చింది, హడావుడీ బాగానే జరిగింది. మరుసటి ఏడాది ఇంకో బృందం పొరలు జాగ్రత్తగా తయారుచేసి కొలిస్తే ఏమీ లేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టకారు తగిలించి చూస్తే మాత్రం సిగ్నల్ వచ్చేసింది!

లెక్క వేస్తే ఇందులో వింతేమీ లేదు. గ్రాము ఇనుము గది ఉష్ణోగ్రత దగ్గర దాదాపు 218 ఈఎంయూల (అయస్కాంత బలాన్ని లెక్కించే యూనిట్) అయస్కాంత భ్రామకం ఇస్తుంది. మీ శాంపిల్ బరువు 5 మిల్లీగ్రాములు, అందులో ఇనుము పది లక్షల్లో ఒక వంతు, అంటే కంటికే కాదు మామూలు తూకానికీ అందని 5 నానోగ్రాములు అనుకోండి, అదొక్కటే ఈఎంయూలో పది లక్షలో వంతు సిగ్నల్ ఇస్తుంది. అతి సూక్ష్మ అయస్కాంతత్వాన్ని కొలిచే స్క్విడ్ మాగ్నెటోమీటర్ అనే మెషీన్ అందులో నూరో వంతునైనా పట్టేస్తుంది. మెషీన్ అబద్ధం చెప్పదు, కాకపోతే అది పదార్థం గురించి చెబుతోందా పట్టకారు గురించి చెబుతోందా అన్నది మనమే తేల్చుకోవాలి.

2001 నాటి ‘అయస్కాంత కార్బన్’ కథా ఇలాంటిదే. ఫుల్లరీన్ (బంతి ఆకారపు కార్బన్ అణువులు) పాలిమర్ 500 కెల్విన్ దాకా అయస్కాంతంగా ఉందన్నారు. ఇనుము, కార్బన్ కలిసిన సిమెంటైట్ అయస్కాంతత్వం పోయేది కూడా దాదాపు 480 కెల్విన్ దగ్గరే. శాంపిళ్లను మళ్లీ పరీక్షిస్తే మొదట చెప్పినదానికన్నా ఇనుము ఎక్కువుందని తేలింది, 2006లో పేపర్ వెనక్కి తీసుకున్నారు. ఒప్పుకున్నందుకు వాళ్లను మెచ్చుకోవాల్సిందే, అందరూ ఒప్పుకోరు.

కొన్ని మలినాలు పాపం పేరు చెప్పే దొరుకుతాయి: 120 కెల్విన్ దగ్గర గ్రాఫ్ మెలిక తిరిగితే మాగ్నెటైట్ అనే ఐరన్ ఆక్సైడ్, 50 కెల్విన్ చుట్టుపక్కల చిన్న గూని కనిపిస్తే లోపలికి గాలి దూరి గడ్డకట్టిన ఆక్సిజన్ అని అనుమానించాలి. లోహపు ఇనుము అంత మర్యాదస్తురాలు కాదు, దాని అయస్కాంతత్వం పోయే 1043 కెల్విన్ దాకా గుట్టు విప్పదు, అంతవరకు వేడిచేసేవాళ్లు ఎందరు?

అందుకే జర్నళ్లు పట్టుబట్టాలంటున్నాం. శాంపిల్ పెట్టకుండా, దాన్ని ఉంచే ఖాళీ హోల్డర్‌తో తీసిన రీడింగ్ పేపర్‌లో ఉండాలి. కెమికల్ అనాలిసిస్ కొలిచిన ముక్కకే జరగాలి, అదే బ్యాచ్‌లోని ఇంకో ముక్కకు కాదు. ఇక పట్టకారు ప్లాస్టిక్‌దా స్టీలుదా అన్నది రాయడానికి ఒక్క లైను చాలు.