వీసా రొట్టె ఏ పిండితో చేస్తారు?

మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగకు నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగితే చాలు, కేకలు వినిపిస్తాయి. ‘వీసా రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?’, ‘ఇంటి రొట్టె ఇటివ్వండి!’ కోరిక తీరినవాళ్లు తెచ్చిన రొట్టెను అదే కోరికతో వచ్చినవాళ్లు తీసుకుంటారు. తీరాక మళ్లీ ఏడాది తాము తెచ్చి ఇంకొకరికిస్తారు. ఇక్కడ బడి పిల్లవాడికీ తెలిసిన సంగతే. చదివి నేర్చుకునే కంప్యూటర్ మాత్రం జొన్న రొట్టె, గోధుమ రొట్టె, వీసా రొట్టె మూడింటినీ ఒకే వరుసలో రాసుకునే ప్రమాదం ఉంది.

ఎగతాళికి అనడం లేదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో టామ్ మిచెల్ బృందం 2010 జనవరిలో ‘నెల్’ అనే ప్రోగ్రామును మొదలుపెట్టింది. ఫలానాది ఊరు, ఫలానాది కూరగాయ అని ఒక్కో రకానికి పది పదిహేను ఉదాహరణలు ఇచ్చి వదిలేశారు. మిగతాది రాత్రీ పగలూ వెబ్ పేజీలు చదివి అదే పోగేసుకోవాలి. మాట పక్కన ఏ మాటలున్నాయన్నదే దానికి ఆధారం. ఇంగ్లిష్‌లో కుకీ అంటే బిస్కెట్ కూడా; వెబ్‌సైట్లు మన కంప్యూటర్లో దాచే చిన్న ఫైళ్లకూ అదే పేరు. అలా ఇంటర్నెట్ కుకీలను బేకరీ సరుకుల్లో చేర్చేసింది. ‘కుకీలు డిలీట్ చేశాను’, ‘ఫైళ్లు డిలీట్ చేశాను’ ఒకేలా కనిపించేసరికి ఫైళ్లు కూడా బేకరీలోకే వెళ్లాయి! చివరికి మనుషులే కూర్చుని దిద్దారు.

ఇంగ్లిష్‌లో తప్పును పట్టించే పేజీలు కోట్లలో ఉన్నాయి, దిద్దేవాళ్లూ ఉన్నారు. మన సంగతేమిటి? ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్లి నెల్లూరు పేరు మీదే ‘నెలోర్’ అయ్యాయి. వాటి గురించి అక్కడివాళ్లు రాసుకున్నంత మనం రాసుకోలేదు. రాసిందైనా యంత్రం చదవగలిగేలా ఉందా అంటే అదీ లేదు. ప్రభుత్వ కార్యాలయాల్లో ప్రకటన టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి వెబ్‌సైట్లో పెడతారు. అది అక్షరం కాదు, బొమ్మ. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కొట్టినదాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల పద్ధతిలోకి మార్చకుండా చూస్తే పిచ్చి గీతలే. మా పాత సంచికలదీ అదే గతి. ఈ మాట ఒప్పుకోక తప్పదు.

ఇప్పుడు పిల్లలు ఫోన్లో అడుగుతున్న చాట్‌బాట్లు కూడా ఎక్కువగా వెబ్ చదివి నేర్చుకున్నవే. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే పద్ధతి, నెల్లూరు చేపల పులుసులో మామిడి ముక్క ఎప్పుడు పడాలన్నది అక్షరాల్లో లేకపోతే అవి మాత్రం ఏం చెబుతాయి? తెలియదని ఊరుకుంటే మేలే, ఒక్కోసారి కల్పించి మరీ చెబుతాయి.

దీనికి కోట్లేం అక్కర్లేదు. నెల్లూరు, ఒంగోలు కలెక్టరేట్లు ప్రతి ప్రకటననూ స్కాన్ కాపీతో పాటు యూనికోడ్‌లోనూ పెట్టాలి. కాలేజీల తెలుగు శాఖలు ఊళ్ల సంగతులు రాయించి తెలుగు వికీపీడియాలో చేర్పించాలి. ముందుగా, వచ్చే రొట్టెల పండుగ ఏర్పాట్ల ప్రకటననైనా ఫోటో తీసి కాకుండా అక్షరాల్లో పెట్టండి.