జబ్బు పడండి, జైలుకెళ్ళండి, లేదా అంతరిక్షానికెళ్ళండి

ఓటు వేయడం సులువు కాకూడదు. ఈ మాట పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి ఆ భారం నేనే మోస్తున్నాను. తిరుమలకు మెట్లదారిన నడిచి వెళ్ళినవాడి పుణ్యమూ, కారులో కొండెక్కినవాడి పుణ్యమూ ఒకటి కాదని నమ్మే జనం మనం. మోకాళ్ళు పట్టేయాలి, పిక్కలు లాగాలి. ఓటుకి కూడా అంతే. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ కాగితం మీద గుర్తు పెట్టి, కవరు అంటించి పంపేస్తే దానికి పవిత్రత ఎక్కడినుంచి వస్తుంది?

ఈ సత్యాన్ని గుర్తించి, ఎంత కష్టం వచ్చినా దాన్ని వదలని రాష్ట్రం ఒకటుంది. టెక్సాస్. 2020లో కరోనా వచ్చి ప్రపంచమంతా గడప దాటొద్దని జనాన్ని బతిమాలుకుంటుంటే, ఓటరు మాత్రం గడప దాటాల్సిందేనని టెక్సాస్ పెద్దలు పట్టుబట్టారు. డాలస్ చుట్టుపక్కల, హ్యూస్టన్ శివార్లలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో చుట్టం లేని తెలుగు కుటుంబం ఈమధ్య దొరకడం కష్టం. కాబట్టి ఆ ఘనతలో మనకూ కాస్త వాటా ఉంది. గర్వంగానే చెప్పుకుందాం.

అప్పటి టెక్సాస్ చట్టం ప్రకారం పోస్టులో ఓటు పంపే భాగ్యం నాలుగు రకాల వాళ్ళకే. 65 ఏళ్ళు నిండినవాళ్ళు. జబ్బుతోనో వైకల్యంతోనో ఉన్నవాళ్ళు. ముందస్తు పోలింగ్ రోజులన్నీ, ఎన్నికల రోజుతో సహా, సొంత కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో, లేనివాళ్ళు. ఓటు హక్కు పోగొట్టుకోకుండా జైల్లో ఉన్నవాళ్ళు. ఈ జాబితాలో ఆరోగ్యంగా, ఊళ్ళోనే, బుద్ధిగా బతుకుతున్న నలభై ఏళ్ళ మనిషి కనిపించడు. అతను లైనులో ఉంటాడు.

పేచీ అంతా రెండో రకం దగ్గర వచ్చింది. పోలింగ్ కేంద్రానికి వెళ్తే ఆరోగ్యానికి హాని జరిగే అవకాశం ఉన్న జబ్బు, లేదా శారీరక స్థితి, ఇదీ వైకల్యానికి ఆ చట్టం ఇచ్చిన నిర్వచనం. కొందరు అమాయకులు దీన్ని అక్షరాలా చదివారు. కరోనాకి టీకా లేదు, ఒంట్లో ఇమ్యూనిటీ లేదు, లైనులో నిలబడితే అంటుకుంటుంది, కాబట్టి అందరికీ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వొచ్చు కదా అని కోర్టుకెళ్ళారు. ఏప్రిల్‌లో ఆస్టిన్‌లో ఒక జడ్జి నిజమే కదా అనేశారు కూడా. అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ ఊరుకుంటారా? కరోనా భయం ఉంది కాబట్టి పోస్టల్ బ్యాలెట్‌కి అప్లై చేసుకోండని సలహా ఇచ్చేవాళ్ళ మీద క్రిమినల్ కేసులు పడొచ్చని లేఖ రాశారు. జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకోమనడం తప్పు కాదు. జ్వరం రాకుండా ఉండే ఉపాయం చెప్పడం మాత్రం ఆలోచించి చేయాల్సిన పని.

చివరికి మే 27న టెక్సాస్ సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇమ్యూనిటీ లేకపోవడం ఒక్కటే చట్టం చెప్పే శారీరక స్థితి కిందికి రాదు. ఈ కేసులో వాదనలు కోర్టు హాల్లో జరగలేదు, జూమ్‌లో జరిగాయి. మహమ్మారి రోజుల్లో అందరూ ఒక గదిలో చేరడం మంచిది కాదు కనక, న్యాయమూర్తులు, లాయర్లు ఎవరి చోట వాళ్ళు కూర్చుని, కెమెరా ముందు, ఓటరు మాత్రం వెళ్ళి లైనులో నిలబడడం గురించి తీరిగ్గా చర్చించారు. దీన్ని చూసి వెటకారం చేసినవాళ్ళు ఉన్నారు. నేను చేయను. ఎవరి హోదాకి తగ్గ వైరస్ వాళ్ళకి ఉంటుంది.

తీర్పులో ఇంకో మెలిక ఉంది. మీ ఆరోగ్యం ఎలా ఉందో మీరే నిర్ణయించుకోవచ్చు, కౌంటీలో ఎన్నికలు నడిపే అధికారి, అంటే ఎన్నికల గుమాస్తా, డాక్టర్ సర్టిఫికెట్ అడగనక్కర్లేదు. అంటే ఓటరు మనస్సాక్షికే వదిలేశారు. ఆ మనస్సాక్షి కాస్త అటూ ఇటూ అయి, దరఖాస్తులో అబద్ధం చెప్పారని తేలితే నేరం. నేరమైతే జైలు. విచారణ ఖైదీగా జైల్లో ఉంటే మళ్ళీ పోస్టల్ బ్యాలెట్‌కి అర్హత. చట్టం ఓటరుని ఎక్కడా మధ్యలో వదిలెయ్యలేదని గమనించగలరు.

ఫ్రిస్కోలో ఒక ఇల్లు ఊహించుకోండి. అందరూ అమెరికా పౌరులే. నాన్నగారికి 66, కొడుక్కి 39. పెద్దాయనకు పోస్టల్ బ్యాలెట్ వచ్చింది. పడక్కుర్చీలో కూర్చుని నింపేశారు.

"నాన్నా, మీ ఓటు అయిపోయిందా?"

"ఎప్పుడో పంపేశాన్రా. నువ్వు జాగ్రత్త, మాస్కు తీయకు."

కొడుకు వెళ్ళాడు, లైనులో నిలబడ్డాడు, నలుగురి మధ్య దగ్గులూ తుమ్ములూ విన్నాడు, ఓటేసి ఇంటికొచ్చి నాన్నగారి పక్కనే కూర్చుని పప్పు, ఆవకాయ కలుపుకున్నాడు. పెద్దాయన్ని వైరస్ నుంచి చట్టం పడక్కుర్చీ దాకా కాపాడింది. అక్కణ్ణుంచి అన్నం బల్ల దాకా ఆయన అదృష్టం. ఇది వయసు వివక్ష కాదా అని ఫెడరల్ కోర్టుకి వెళ్తే, పెద్దవాళ్ళకి అదనంగా ఒక సౌకర్యం ఇస్తే చిన్నవాళ్ళ హక్కు తగ్గినట్టు కాదని సెప్టెంబరులో అప్పీళ్ళ కోర్టు సెలవిచ్చింది.

మాస్కు సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పుకోవాలి. జులైలో గవర్నర్ గ్రెగ్ ఆబట్ బయట మాస్కు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. దాంట్లో కొన్ని మినహాయింపులు. అన్నం తినేటప్పుడు అక్కర్లేదు, సరే. ఓటు వేసేటప్పుడూ అక్కర్లేదు! పెట్టుకుంటే మంచిదన్నారు గానీ తప్పనిసరి చేయలేదు. అంటే కిరాణా కొట్టులో కందిపప్పు కొనడానికి మాస్కు కావాలి, ప్రజాస్వామ్యానికి అక్కర్లేదు.

ఇంత కట్టుదిట్టమైన టెక్సాస్‌లో ఒక్క వర్గానికి మాత్రం ఉదారంగా తలుపులు తెరిచారు. వ్యోమగాములకు. భూమి చుట్టూ తిరుగుతూనే ఓటు వేయడానికి వీలు కల్పిస్తూ 1997లోనే అక్కడ నిబంధన తెచ్చారు. ఆ ఏడాదే డేవిడ్ వుల్ఫ్ రష్యా వాళ్ళ మీర్ అంతరిక్ష కేంద్రం నుంచి ఓటేశారు. 2020 అక్టోబరులో కేట్ రూబిన్స్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వేశారు. నేలకి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకి సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో పోతూ వేసిన ఓటు, భద్రంగా హ్యూస్టన్ మీదుగా కౌంటీ గుమాస్తాకి చేరింది. సాంకేతికంగా అన్నీ సాధ్యమే అన్నమాట. ఇబ్బందల్లా దూరం చాలకపోవడం. ప్లానోలో పోలింగ్ కేంద్రానికి ఐదు మైళ్ళ దూరంలో ఉన్నవాడు తన ఓటుని నమ్మమంటే ఎలా నమ్ముతారు? కొంచెం పైకి వెళ్ళి రమ్మనండి.

పోస్టు ఆలస్యమవుతుందేమోనన్న టెన్షన్ ఆ ఏడాది అందరికీ ఉండేది. అందుకని నింపిన కవరుని స్వయంగా తీసుకెళ్ళి అప్పజెప్పే కేంద్రాలు హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ 12 పెట్టింది. ఇవేవో వీధి చివర డబ్బాలు అనుకునేరు. గుర్తింపు కార్డు చూపించి, సంతకం పెట్టి, సిబ్బంది ఎదుట ఇవ్వాలి. అయినా సరే, అక్టోబరు 1న గవర్నర్ గారు ఎన్నికల భద్రత పేరు చెప్పి కౌంటీకి ఒక్కటే కేంద్రం ఉండాలని ప్రకటించారు. హారిస్ కౌంటీ జనాభా 47 లక్షలు, విస్తీర్ణం సుమారు 4,600 చదరపు కిలోమీటర్లు. అప్పటి మన జీహెచ్ఎంసీలు ఏడు పక్కపక్కన పరిచినంత. దానికి ఒక్కటి. పడమటి టెక్సాస్‌లో లవింగ్ అని ఒక కౌంటీ ఉంది. ఆ ఏడాది జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 64 మంది. దానికీ ఒక్కటే. సమానత్వం అంటే ఇలా ఉండాలి. చివరికి కోర్టులు కూడా సరేనన్నాయి.

హారిస్ కౌంటీ గుమాస్తాకి మాత్రం ఎన్ని దెబ్బలు తగిలినా బుద్ధి రాలేదు. అసలు ఆ మనిషి ఉద్దేశం ఏమిటంటే, కౌంటీలో పేరున్న 24 లక్షల మంది ఓటర్లకీ పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తు పంపాలని. బ్యాలెట్ కాదు, ఉత్త దరఖాస్తు. ఎవరైనా ఇంటర్నెట్‌లో దింపుకుని ప్రింటు తీసుకోగలిగిన కాగితం. వెంటనే కేసు. అక్టోబరు 7న రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పని గుమాస్తా పరిధిలో లేదంది. కావాలంటే ఓటరే ప్రింటరు కొనుక్కోవాలి.

సరే, పోస్టు వద్దు, మనిషే రావాలి, అంతే కదా అని ఆయన ఇంకో దారి పట్టాడు. కారు దిగకుండా ఓటేసే కేంద్రాలు పది పెట్టాడు. కిటికీ అద్దం దించి, గుర్తింపు కార్డు చూపించి, ఓటింగ్ యంత్రం అందుకుని నొక్కేసి వెళ్ళిపోవడమే. దాదాపు 1,27,000 మంది అలా వేశారు. అన్ని ఓట్లూ పారేయమని కొందరు కోర్టుకెక్కారు. పోలింగ్‌కి ఒక్క రోజు ముందు, నవంబరు 2న, ఫెడరల్ జడ్జి ఆండ్రూ హానెన్ ఆ పిటిషన్ కొట్టేశారు. కానీ ఒక గొప్ప తాత్విక ప్రశ్న వదిలి వెళ్ళారు. ఎన్నికల రోజున ఓటు భవనంలోనే వేయాలని చట్టం అంటోంది. మరి టెంటు భవనమేనా? రేపు ఏ కోర్టయినా కాదంటే జనం ఓట్లు గల్లంతవుతాయన్న భయంతో, తెల్లారేసరికి గుమాస్తా పదింటిలో తొమ్మిది మూసేశాడు. ఒక బాస్కెట్‌బాల్ స్టేడియం దగ్గరిది మాత్రం మిగిలింది. టెంటులో పెళ్ళి చేసుకుంటే చెల్లుతుందా అని మా బంధువొకాయన కంగారుపడ్డాడు. పెళ్ళికి భవనం అక్కర్లేదు, అప్పు చాలని నచ్చజెప్పాను.

ఇంత చేసినా ఆ ఏడాది టెక్సాస్‌లో కోటీ పది లక్షలకి పైగా ఓట్లు పడ్డాయి. ముందస్తు పోలింగుకి గవర్నర్ గారే ఆరు రోజులు అదనంగా ఇచ్చారు, ఆ మాట దాచకూడదు. ఇంతమంది వచ్చారంటే అడ్డంకులేవీ లేవన్నట్టే కదా అని ఆయన పక్షం వాళ్ళు అడిగారు. న్యాయమైన ప్రశ్న. గోడ దూకి వచ్చినవాళ్ళని లెక్కపెట్టి గోడ లేదని నిరూపించడం తర్కశాస్త్రంలో కొత్త అధ్యాయం.

మన దేశంలో ఇంత నిలకడ ఎక్కడిది? 2020 జూన్ 19న 65 దాటినవాళ్ళందరికీ, కరోనా సోకినవాళ్ళకీ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వొచ్చని నిబంధన మార్చారు. నెల తిరక్కుండానే, జులై 16న, సిబ్బంది చాలరు, ఏర్పాట్లు కుదరవు అని బిహార్ ఎన్నికల్లో 65 వాళ్ళకి లేదన్నారు. 80 దాటిన వాళ్ళు మిగిలారు. ఇక డాలస్‌లో భారత పాస్‌పోర్టుతో ఉన్న మనవాడి సంగతి మరీ చక్కగా ఉంటుంది. అక్కడ ఓటు ఎలాగూ లేదు. ఇక్కడ 2010లో చట్టం మార్చి హక్కు ఇచ్చారు, ప్రపంచంలో ఏ మూలనున్నా ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోవచ్చు. పోలింగ్ బూత్ మాత్రం అనకాపల్లిలో ఉంటుంది, పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా రావాలి. విమానాలు ఆగిపోయిన ఏడాది కూడా రూలు రూలే.

మళ్ళీ టెక్సాస్‌కి వద్దాం, అసలు పని అక్కడే మిగిలింది. మహమ్మారిలో ఓటరు కాస్త సుఖపడిన జాడలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, 2021లో ఎస్‌బీ 1 అనే చట్టంతో తుడిచేశారు. కారులోంచి ఓటు బంద్. రాత్రంతా తెరిచి ఉంచే పోలింగు బంద్. అడగని ఓటరుకి అధికారి దరఖాస్తు పంపితే నేరం. ఈ బిల్లుని అడ్డుకోవడానికి యాభై మందికి పైగా డెమోక్రాట్ శాసనసభ్యులు జులైలో విమానాలెక్కి వాషింగ్టన్ పారిపోయారు, కోరం లేకుండా చేయాలని. చూశారా, సొంత కౌంటీలో లేకపోవడమంటే వాళ్ళకి ఎంత మోజో.

చట్టంలో ఇంకో కొత్త నియమం పెట్టారు. పోస్టల్ బ్యాలెట్ పంపేవాళ్ళు కవరు మడత కింద డ్రైవింగ్ లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగు అంకెలో రాయాలి. రాసింది ప్రభుత్వం దగ్గరున్న రికార్డుతో సరిపోవాలి. ఎప్పుడో పేరు నమోదు చేయించుకున్నప్పుడు రెండిట్లో ఏది ఇచ్చారో 80 ఏళ్ళ ముసలావిడ గుర్తుపెట్టుకోవాలి. 2022 మార్చి ప్రైమరీల్లో, అంటే పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నికల్లో, వచ్చిన పోస్టల్ బ్యాలెట్లలో దాదాపు 12 శాతం, అంటే 24 వేలకి పైగా, తిరస్కరించారు. 2020 అధ్యక్ష ఎన్నికల్లో తిరస్కరణ ఒక శాతం లోపే ఉండేది. మోసం ఈ స్థాయిలో జరుగుతోందని ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. వృద్ధులే కదా అని ఉపేక్షించాం.

మోసం మీద పోరాటంలో లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ అందరికంటే ఒక అడుగు ముందుకేశారు. 2020 ఎన్నికలైన వారానికి, ఓట్ల మోసాన్ని పట్టించినవాళ్ళకి మొత్తం పది లక్షల డాలర్ల దాకా బహుమతి అని ప్రకటించారు. దాదాపు ఏడాది తర్వాత మొదటి చెక్కు వెళ్ళింది, 25,000 డాలర్లు. టెక్సాస్‌లో ఎవరికీ కాదు, పెన్సిల్వేనియాలో ఒక పోలింగ్ ఉద్యోగికి. ఆయన పట్టుకున్న దొంగ పోస్టులో రాలేదు, స్వయంగా లైనులో నిలబడి వచ్చాడు. ముందు తన ఓటు వేసుకున్నాడు. తర్వాత నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగొచ్చి కొడుకు ఓటు వేశాడు. లెఫ్టినెంట్ గవర్నర్ గారి పార్టీవాడే. అప్పటికి బహుమతి నిధిలో ఇంకా 9,75,000 డాలర్లు మిగిలాయి. కళ్ళద్దాల మీద ఆంక్షలు పెట్టాలన్న ప్రతిపాదన మాత్రం ఎవరి నుంచీ రాలేదు.