ఒక్క రబ్బరు వాషర్ కోసం

పర్లాకిమిడిలో మా ఇంటి ఫ్లష్ ట్యాంకు నుంచి రాత్రింబవళ్లు సన్నగా నీరు కారిపోతుంటే, చూడవచ్చిన మిస్త్రీ కనీసం మూతైనా తీయకుండా ట్యాంకు మొత్తం మార్చాలని తేల్చేయడం నాకు ఎంతమాత్రం మింగుడుపడలేదు. ఎక్కువైన నీటిని కమోడ్‌లోకి వదిలే ఓవర్‌ఫ్లో గొట్టం మీదుగా నీరు పొర్లుతుంటే, నీటిమట్టాన్ని బట్టి తేలే ఫ్లోట్‌ను కాస్త కిందికి దించితే చాలాసార్లు సరిపోతుంది. అలా పొర్లడం లేదని తేలాక, ట్యాంకు నీళ్లలో కొద్దిగా నీలి సిరా కలిపి, అరగంటసేపు ఎవరూ ఫ్లష్ నొక్కకుండా ఉంచినప్పుడు రంగు కమోడ్‌లోకి దిగిందంటే, లోపం సాధారణంగా అడుగునున్న రబ్బరు వాషర్‌దే. మా ట్యాంకులో దాని అంచున సున్నపు పొర గరుకుగా పేరుకుపోయి, ఒక పక్క సన్నని చీలిక కనిపించింది. నీళ్లు వచ్చే కాక్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, కొత్తది బిగించుకోవడం ఎవరికైనా చేతనయ్యే పనే.

అయితే ఆ వాషర్ దొరకాలి కదా! ఏ దుకాణంలో అడిగినా విడిగా అమ్మం, లోపలి సెట్టంతా కొనుక్కోమన్నారు. ముందుగా అరిగిపోయేది ఆ రబ్బరే అని తెలిసీ దాన్ని విడిగా తెప్పించకపోవడం, వేసవిలో బిందెడు నీటికి ఎదురుచూసే మా వీధివాళ్లకు చేస్తున్న అన్యాయం.