ఎవరైనా దిద్దొచ్చట, దిద్దేవాళ్లేరీ?

అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ ట్రావెల్ గైడ్ అంటే ఎంత ముచ్చటో! తప్పుంటే చదివినవాళ్లే దిద్దేయొచ్చట. మరి దిద్దరేం? 2022లోనే తిరుపతి జిల్లాకు పోయిన నేలపట్టు పక్షుల కేంద్రం ఇంకా నెల్లూరు పేజీలోనే కూర్చుంది. పోనీ, అక్కడ గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టేది చలికాలంలో అని ఒక్క ముక్క రాయొచ్చుగా? మండుటెండల్లో పిల్లల్ని తీసుకెళ్లి ఏం చూపించాలి, ఖాళీ చెట్లా? ఉదయగిరి కోటకైతే "చూడదగినది" అని ఒకే మాట. కొండెక్కే దారెటు, పైన నీళ్లు దొరుకుతాయా, తిరుగు బస్సెప్పుడు? అబ్బే! హోటళ్ల పొగడ్తలు మాత్రం పేరాలకు పేరాలు. అవి ఎవరు రాసుకున్నారో వేరే చెప్పాలా? మైపాడు బీచ్‌లో సెల్ఫీలు దిగి ఊరంతా పంచుతారు గానీ, బస్సు టైము ఒక్కటి రాయమంటే మనోళ్లకి చేతులు రావు.