2520 వింత సంఖ్యేమీ కాదు, మామూలు కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం)

వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న సందేశం సారాంశం ఇది: ‘‘1 నుంచి 10 వరకు అన్నిటితోనూ శేషం లేకుండా భాగం పోయే సంఖ్య 2520 ఒక్కటే. దాన్ని కనిపెట్టింది శ్రీనివాస రామానుజన్. వారానికి 7 రోజులు, నెలకు 30 రోజులు, ఏడాదికి 12 నెలలు. ఈ మూడూ గుణిస్తే 2520. అదే రహస్యం!’’

ఇందులో ఆ గుణకారం వరకు నిజమే.

ముందు ‘ఒక్కటే’ అన్న మాట చూద్దాం. 2520కి రెట్టింపు 5040. అది కూడా ఆ పదింటితోనూ పోతుంది. 7560 పోతుంది, 10,080 పోతుంది. 2520 గుణిజం ఏదైనా అంతే. కోటి లోపలే అలాంటివి 3,968 ఉన్నాయి. వాటన్నిటిలో చిన్నది కావడమే 2520 ప్రత్యేకత. అంటే బడిలో కట్టిన కసాగే.

కట్టే పద్ధతి: 10 లోపు ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యకూ 10 దాటని అతిపెద్ద ఘాతం తీసుకోవాలి. 2కి 8 (2×2×2), 3కి 9 (3×3), తర్వాత 5, 7. 8×9×5×7 = 2520. చాలామంది 2×3×5×7 = 210 దగ్గర ఆగిపోతారు. 210లో 2 ఒక్కసారే, 3 ఒక్కసారే ఉన్నాయి కాబట్టి 4, 8, 9లతో పోదు. మరికొందరు 1 నుంచి 10 వరకు అన్నీ గుణించేస్తారు. వచ్చే 36,28,800 తప్పు కాదు గానీ, కావలసినదానికి 1440 రెట్లు. 8 ఉన్నాక 2, 4లను మళ్లీ గుణించడం దండగ.

2520ని 11తో భాగిస్తే 1 మిగులుతుంది. 11తో గుణిస్తే 27,720. ఇది 12 వరకు పనిచేస్తుంది. 13తో గుణిస్తే 3,60,360. 14, 15లకు కొత్త కారణాంకం అక్కర్లేదు కాబట్టి ఏకంగా 15 వరకు. 16 కోసం ఇంకో 2, ఆపైన 17, 19 కలిపితే 23,27,92,560. ఇది 1 నుంచి 20 వరకు అన్నిటితోనూ పోతుంది. దీనికి ఏ క్యాలెండర్ రహస్యం చెబుతారో మరి!

క్యాలెండర్ సంగతికొస్తే, 30×12 అంటే 360, ఏడాదికి 365 రోజులు. అసలు 2520ని మూడు సంఖ్యల లబ్ధంగా, వరుస మారితే వేరుగా లెక్కేస్తే, 540 రకాలుగా రాయొచ్చు. అందులో మనకు తెలిసిన మూడు సంఖ్యలు తగలడం వింత కాదు.

ఇక రామానుజన్. 1 నుంచి 10 వరకు అన్నిటితోనూ 5040 పోతుందని ఆయనకు రెండు వేల ఏళ్ల ముందే గ్రీకు తత్వవేత్త ప్లేటో రాశాడు. రామానుజన్ నిజంగా చేసిన పని దీనికంటే చాలా పెద్దది. తనకంటే చిన్న సంఖ్య దేనికీ లేనన్ని భాజకాలున్న సంఖ్యలపై 1915లో పరిశోధన వ్యాసం ప్రచురించాడు. 1680కి 40 భాజకాలు, 2520కి 48, 5040కి 60. ఆయన పట్టికలో 2520 ఇలా వచ్చిపోయే ఒక మెట్టు మాత్రమే. ఆ పట్టిక 67,46,32,83,88,800 దాకా సాగింది. ఆ చివరి సంఖ్యకు 10,080 భాజకాలు. కంప్యూటర్ లేని రోజుల్లో అంత పొడవు పట్టికలో ఆయన వదిలేసిన సంఖ్య ఒక్కటే: 2,93,31,86,25,600. దాన్ని 23తో గుణిస్తే వచ్చేది ఆయన పట్టికలోని ఆ చివరి సంఖ్యే.