మర ఎక్కినంత మాత్రాన లెన్సు పనికొచ్చినట్టు కాదు

మా కడప ఫొటో మిత్రుల గ్రూపులోకి "తక్కువ ఖర్చులో రేంజ్‌ఫైండర్ లెన్సు" అన్న మెసేజ్ మళ్ళీ వచ్చింది. రేంజ్‌ఫైండర్ అంటే వ్యూఫైండర్లో జంటగా కనిపించే బొమ్మను ఒకటి చేసి ఫోకస్ పెట్టే కెమెరా. పంపుతున్నవాళ్ళలో ఒక్కరైనా అందులో చెప్పినట్టు కొని, ఒక్క రీలు తీసి చూశారా?

"39 ఎంఎం మర ఉంటే ఏ పాత రష్యా లెన్సైనా సరిపోతుంది" అంటుందది, అంటే లెన్సును కెమెరాకు బిగించే మర 39 ఎంఎం వెడల్పుంటే చాలని. డబ్బులు ముంచేది ఈ మాటే. లెన్సులోంచే చూసి తీసే ఎస్సెల్లార్ కెమెరాల్లో తొలినాటి జెనిత్‌లకు చేసిన లెన్సుల్లోనూ అదే మర ఉంది. కానీ లెన్సు ఆనే అంచు నుంచి ఫిల్ము దాకా ఫెడ్, జోర్కీ అనే సోవియట్ రేంజ్‌ఫైండర్లలో 28.8 ఎంఎం, జెనిత్‌లో 45.2. ఆ లెన్సు మన కెమెరాలో 16 ఎంఎంకు పైగా లోపలికి వచ్చేస్తుంది. గండికోట లోయ తీసినా, ఎదురుగా ఉన్న మనిషిని తీసినా మసకే. వ్యూఫైండర్లో మాత్రం అంతా తేటగా ఉంటుంది. రీలు కడిగాక గానీ బయటపడదు. పేరు చూసి కొందామన్నా కుదరదు: ఇండస్టార్-50 రెండు రకాల కెమెరాలకూ వచ్చింది. అందుకే కొనేముందు బిగించి, ఫోకస్ రింగు తిప్పుతూ వ్యూఫైండర్లో చూడండి. మధ్యలోని జంట బొమ్మ కదలకపోతే అక్కడే ఇచ్చేయండి. ఇంత చిన్న పరీక్ష రాయకుండా "ఏదైనా సరిపోతుంది" అని ఎట్ల రాస్తారప్పా?

"ఎఫ్ 1.4 లేకుంటే దండగ." ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుగును లోపలికి వదులుతుంది. మా ఎండలో వెలుగును త్వరగా పట్టే 400 ఫిల్ము వేసి, షట్టర్ 1/1000 సెకనులో పెట్టినా ఎఫ్ 11 దాకా పోవాల్సిందే. 1.4కు పోసే డబ్బు దేనికి? ఒంటిమిట్ట రాములోరి కల్యాణం రాత్రిపూట కాబట్టి అక్కడికి పోయేవాళ్ళు ఎఫ్ 2 ఉన్న జూపిటర్-8 చూసుకోండి.

"మొదట 35 ఎంఎమ్మే కొనాలి." ఇది మర కొలత కాదు, బొమ్మలో ఎంత వెడల్పు పడుతుందో చెప్పే ఫోకల్ లెంగ్త్. 1954 నాటి లైకా ఎం3 రేంజ్‌ఫైండర్ వ్యూఫైండర్లో, బొమ్మలో ఎంతమేర పడుతుందో చూపే గీతలు 50, 90, 135కే ఉన్నాయి. దానికి 35 కొంటే విడిగా ఫైండర్ ఖర్చూ కలుపుకోండి.

ఫంగస్, అంటే లెన్సుకు పట్టే బూజు, గుడ్డతో తుడిస్తే పోతుందట. గాజుల మధ్య ఉన్నదాన్ని గుడ్డ ఎట్ల అందుకుంటుంది?

"బ్లేడ్లకు నూనె అంటినా కొనొచ్చు" అన్నది మాత్రం నిజం. బ్లేడ్లంటే లెన్సులో వెలుగు వచ్చే కంతను చిన్నపెద్ద చేసే రేకులు. నూనె మరకకు భయపడి మంచి లెన్సులు వదిలేసేవాళ్ళు చాలామంది. ఎస్సెల్లార్‌లో మాదిరి నొక్కగానే బ్లేడ్లు చటుక్కున మూసుకోవాల్సిన పని వీటికి లేదు, మనమే ముందుగా చేత్తో తిప్పి పెట్టుకుంటాం. ధర తగ్గించి అడగడానికి ఆ మరకే పనికొస్తుంది. కాకపోతే నూనె ఆవిరై గాజు మీద పొరలా పేరుకుందేమో, వెనకనుంచి టార్చి వేసి చూసి తీసుకోండి.